మూడో, ఎనిమిదో

పెట్టె మీద ఏడువేల రెండు వందలని రాసుంది.
జాసిమ్ దుకాణం అద్దం మీద కూడా అదే అంకె,
అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.
గుదైబియాలో ఈ గల్లీకి అంతకంటె పెద్ద అంకె
ఎదురుగా టైలర్ ఫోన్ నంబరొక్కటే.

శుక్రవారం దుకాణం మూసినంక కొలిచిన.
గోరంత గాజుపలక, దాని మీద మూడేసి గీతల గుంపులు,
చిన్నవై, ఇంకా చిన్నవై
ఆఖరికి చీమ కాలి వెంట్రుకలైతయి.
గీతలు విడివిడిగా కనబడ్డంత దూరమే స్కానర్ చూపు.
మూడూ కలిసి బూడిదైన కాడి నుంచి
అది చెప్పేదంతా ఊహ.

ఏసీ ఆపిన. దాని వణుకు కూడా గీతల్లో కలుస్తది.
బయట నలభై ఆరు డిగ్రీలు.
చెమట గాజు మీద పడకుండ నుదుటికి తువ్వాల కట్టుకున్న.

ఫిల్మ్ పట్టే చట్రం కింద
పాత రీచార్జి కార్డు కత్తిరించి ఒక ముక్క పెట్టిన. నయం.
రెండో ముక్క. ఇంకొంచెం నయం.
మూడోది పెడితే మళ్ళ మసక.
రెండుకే ఆగిన.
మిల్లీమీటరుకు అడ్డం అరవై నాలుగు జతలు,
నిలువు యాభై ఏడు.

సిరిసిల్లల మా నాయన
బట్ట మీద ఇత్తడి భూతద్దం ఆనించి పోగులు లెక్కపెడుతుండె.
పడుగుది ఒక లెక్క, పేకది ఒక లెక్క,
రెండూ ఒక్కటే వస్తే ఎవడో చూడకుండ రాసినట్టు అంటుండె.
ఈ పెట్టెల కూడా లెన్సు ఒక దిక్కు, మోటరు ఒక దిక్కు.
అరవై నాలుగంటే మూడువేల రెండు వందల యాభై.
మిగతాదంతా పెట్టె మీది సిరా.

తర్వాత బ్లేడు.
కొత్త బ్లేడును అయిదు డిగ్రీలు వాల్చి స్కాన్ చేస్తే
నలుపు తెలుపులోకి ఎన్ని మెట్లు దిగిందో తెలుస్తది.
మాది నాలుగు మెట్లు.
పదును మీట నొక్కితే రెండే మెట్లు,
కాని అంచు పొడుగునా సున్నం గీసినట్టు తెల్లటి చార.
బ్లేడుకు ఆ చార లేదు.
వేలితో తడిమి చూసిన, తెగింది.

ఆదివారం ఒకాయన వచ్చిండు.
గోనె నడ్పి గంగన్న, నిర్మల్ దిక్కు మాట,
సిత్రాల పైపు వెల్డరు.
జాసిమ్ వాళ్ళ బాబా ఎన్నడో కంపెనీకి తీసిన నెగటివ్:
నాలుగు వరుసల మనుషులు, ఛాతీకి ఆనించి పలకలు,
పలకల మీద సుద్దతో నంబర్లు.
మూడో వరుస, చివరి నుంచి రెండో మనిషి.
మొహం మీద టోపీ నీడ.
"రిజిస్టర్ల మా చిన్నాయన నలభై మూడు.
ఇది మూడేనా తమ్మీ?"

ఆ సుద్దగీత ఫిల్మ్ మీద
మిల్లీమీటరుల రెండు వందలో వంతు.
మా పెట్టె చూపు అంత దూరం పోదు.
నాయన భూతద్దం తీసి దీపం మీద పెట్టి చూసిన.
వెండి గింజలే ఉన్నయి, దుమారంల ఇసుక లెక్క.
స్కానర్‌ను తిట్టి లాభం లేదు,
ఆ దినం కెమెరాకే తెలియదు.

జాసిమ్ పదును మీట నొక్కిండు.
ఒకసారి నొక్కితే మూడయింది.
రెండోసారి నొక్కితే ఎనిమిదయింది.
"ఒక్కసారికే ఆగు," అన్నడు నాతోని
గంగన్నకు అర్థం కాని అరబ్బీల.

రెండు ప్రింట్లు తీసిన,
మీట నొక్కనిది ఒకటి, ఒకసారి నొక్కింది ఒకటి.
రెండింటి వెనుక పెన్సిల్‌తో రాసిన: మూడో, ఎనిమిదో.
గంగన్న నిలబడే చదివిండు.
చాలాసేపు చదివిండు, ఉన్నవి రెండు మాటలే.
తర్వాత తిప్పి, మూడున్నదాన్ని తీసుకున్నడు.
జాసిమ్ పైసలు వద్దన్నడు.
ఆయన ఒకటిన్నర దీనార్లు బల్ల మీద పెట్టి
ప్రింటును అంచులు మాత్రమే పట్టుకొని పోయిండు,
ఎవరు నేర్పిన్రో.

మసకది నా కాడనే ఉంది.
స్కానర్ మూత లోపలి దిక్కు అంటించిన,
మూడువేల రెండు వందల యాభై అని రాసిన
టేపు ముక్క పక్కన.